గోదావరి డెల్టా టైర్ల వ్యాపారులకు బహిరంగ లేఖ: టైరును నీడన దాచండి, తేదీ చెప్పి అమ్మండి

రావులపాలెం నుంచి నరసాపురం దాకా, భీమవరం నుంచి అమలాపురం దాకా హైవే పక్కన, కాలువ గట్ల మీద, మార్కెట్ సందుల్లో టైర్లు అమ్మే వ్యాపారులందరికీ నమస్కారం.

నేను ఈ డెల్టాలోనే వీల్ అలైన్‌మెంట్, పంక్చర్ షాపు నడుపుతున్నాను. మీరు అమ్మిన టైర్లను ఎక్కించేది మేమే, పాడైపోయాక విప్పేదీ మేమే. రిమ్ము మీద ఉన్నప్పుడు కనపడనివి విప్పాక కనపడతాయి. లోపలి పొర ఎండిపోవడం, బీడు (రిమ్మును పట్టుకునే టైరు అంచు) దగ్గర సన్నటి పగుళ్లు, ట్రెడ్‌ను (రోడ్డుకు తగిలే గాడుల భాగాన్ని) గోరుతో నొక్కితే గుర్తు కూడా పడనంత గట్టిదనం. ఇవన్నీ అరిగిపోయిన పాత టైర్లలో కనిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. గాడులు ఇంకా నిండుగా ఉన్న టైర్లలో, మొన్నమొన్ననే కొన్న టైర్లలో కనిపిస్తున్నాయి. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

ఇటీవల ఒక ఆటో డ్రైవర్ వచ్చాడు. కొత్త టైర్లు వేయించుకున్నాక వాన పడితే చాలు, బ్రేకు వేసినప్పుడు బండి జారిపోతోందన్నాడు. ముందు టైరు విప్పి చూస్తే సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) అంతా నెర్రెలు. పైన నల్లగా నిగనిగలాడుతోంది, తడిగుడ్డతో తుడిస్తే పాలిష్ ఊడి వచ్చింది. తేదీ చూస్తే ఆ టైరు తయారై ఏళ్లు గడిచిపోయాయి. కొన్న షాపు ముందు టైర్లు ఏడాదంతా ఎండలోనే దొంతరగా ఉంటాయని అతనే చెప్పాడు. ఆ షాపు పేరు ఇక్కడ రాయను. అది ఏ ఒక్క షాపులోనో జరుగుతున్న పని అయితే ఇంత పెద్ద లేఖ రాయాల్సిన పనే లేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. టైరు రోడ్డెక్కినప్పటి నుంచే పాడవడం మొదలవుతుందని అందరం అనుకుంటాం. నిజానికి ఫ్యాక్టరీ నుంచి బయటకు వచ్చిన రోజు నుంచే రబ్బరు మారుతూ ఉంటుంది. ఆ మార్పు నెమ్మదిగా సాగుతుందా, వేగంగా సాగుతుందా అన్నది దాన్ని ఎక్కడ దాచారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. అది కొనేవాడికి కనపడదు. మీకు మాత్రమే తెలుసు.

పచ్చి రబ్బరును అలాగే వాడితే ఎండకు జిగురుగా కారిపోతుంది, చలికి బిగుసుకుపోతుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే అమెరికన్ రబ్బరులో గంధకం కలిపి వేడి చేస్తే ఈ రెండు జబ్బులూ పోతాయని కనిపెట్టాడు. పొడవాటి రబ్బరు పోగులను గంధకం అక్కడక్కడా ముడివేస్తుంది. ఆ ముడుల వల్లే టైరు లాగితే సాగి, వదిలితే మళ్లీ తన ఆకారానికి వస్తుంది. ముడులు తగినన్ని ఉంటే రబ్బరు బలంగా, మెత్తగా ఉంటుంది. ఎక్కువైతే బిగుసుకుపోతుంది. ఫ్యాక్టరీలో అచ్చులో ఉడికించి ఆపిన ఈ ప్రక్రియ బయట పూర్తిగా ఆగిపోదు. వేడి తగిలితే కొత్త ముడులు పడుతూనే ఉంటాయి. గాలిలోని ఆక్సిజన్ కూడా లోపలికి చేరి కొన్ని పోగులను తెంపుతుంది, మరికొన్నింటిని అతికిస్తుంది. రబ్బరును మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలు మెల్లగా బయటకు పోతాయి. అన్నీ కలిసి టైరు ట్రెడ్‌ను గట్టిపరుస్తాయి.

రసాయన చర్యల గురించి చెప్పేటప్పుడు వాడే మోటు లెక్క ఒకటి ఉంది. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఆ చర్య వేగం దాదాపు రెట్టింపవుతుంది. రబ్బరు సరుకు నిల్వకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 2230 నిల్వచోటు 25 డిగ్రీల లోపు ఉంటే మంచిదంటుంది. మన దగ్గర మే నెలలో బయటే 40 దాటుతుంది. రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం పూట ఎంత ఉంటుందో అందులో కూర్చునే మీకు నేను చెప్పనక్కర్లేదు. 25 డిగ్రీల దగ్గర ఏడాదిలో జరిగే మార్పు 45 డిగ్రీల దగ్గర మూడు నెలల్లోనే జరగొచ్చని ఆ మోటు లెక్క చెబుతుంది. రోజంతా అంత వేడి ఉండదు కాబట్టి ఇది పైలెక్కే. అయినా షెడ్డులో రెండు వేసవులు గడిపిన టైరుకీ, పెంకుటింట్లో చల్లగా ఉన్న టైరుకీ తేడా ఎందుకు వస్తుందో అర్థం కావడానికి చాలు.

వేడి తర్వాత రబ్బరుకు పెద్ద శత్రువు ఓజోన్. గాలిలో ఇది వంద కోట్ల పాళ్లకు కొన్ని పదుల పాళ్లు మాత్రమే ఉంటుంది. అంత కొద్దిగా ఉన్నా సాగదీసి ఉన్న రబ్బరును కోసేస్తుంది. రబ్బరు ఎటు సాగి ఉంటే దానికి అడ్డంగా సన్నటి పగుళ్లు వస్తాయి. వంచి పెట్టిన టైరుకు, కొక్కేనికి తగిలించిన టైరుకు, పైన బరువు పడి నలిగిన టైరుకు పగుళ్లు త్వరగా రావడానికి కారణం ఇదే. వెల్డింగ్ మెరుపు దగ్గర, బ్రష్షులు ఉన్న కరెంటు మోటార్ల దగ్గర, జనరేటర్ల దగ్గర, బ్యాటరీ చార్జర్ల దగ్గర ఓజోన్ పుడుతుంది. మన సెంటర్లలో వెల్డింగ్ షాపు, బ్యాటరీ షాపు, టైర్ల షాపు పక్కపక్కనే ఉండటం మామూలే. ఒకే గోడౌన్‌లో ఒక మూల బ్యాటరీలు చార్జింగ్‌కు పెట్టి, ఇంకో మూల టైర్లు పేర్చిన చోట్లు నేను చూశాను. కొత్త షెడ్డు కట్టమని అడగడం లేదు. ఆ రెండింటి మధ్య గోడ ఉండేలా చూడండి చాలు.

టైరు తయారుచేసేవాళ్లు ఓజోన్ సంగతి తెలిసే రబ్బరులో మైనం, ఇంకా 6పీపీడీ లాంటి రక్షక రసాయనాలు కలుపుతారు. అవి మెల్లగా పైకి వచ్చి టైరు మీద పలచటి పొరగా పరుచుకుంటాయి. నిల్వలో ఉన్న టైరు కొంచెం గోధుమ రంగుకు తిరగడానికి ఎక్కువగా కారణం ఇదే. ఆ రంగు తనంతట తాను చెడ్డ లక్షణం కాదు, టైరుకున్న కవచం అది. కస్టమర్ ఆ రంగు చూసి పాత సరుకు అనుకుంటాడని మీరు నల్ల పాలిష్ పూస్తారు. పెట్రోలు, కిరోసిన్ లాంటి ద్రావకాలతో చేసిన పాలిష్ అయితే ఆ కవచాన్నే కడిగేస్తుంది. పైగా పగుళ్లను కప్పేస్తుంది. కొనేవాడిని మోసం చేసినట్టూ అవుతుంది, టైరును పాడుచేసినట్టూ అవుతుంది. దయచేసి ఆ పాలిష్ మానేయండి. గోధుమ రంగు ఎందుకు వచ్చిందో కస్టమర్‌కు చెబితే వింటాడు. మన జిల్లాల వాళ్లు నాలుగు ముక్కలు అర్థమయ్యేలా చెబితే వినని మనుషులు కారు.

ఇప్పుడు గట్టిదనం గురించి కొంచెం నిదానంగా మాట్లాడాలి. మన మధ్య ఒక నమ్మకం పాతుకుపోయి ఉంది. "టైరు గట్టిగా ఉందండీ, ఎక్కువ కిలోమీటర్లు వస్తుందండీ" అని మీరూ అంటారు, కొనేవాళ్లూ అంటారు. ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ఇన్నాళ్లు నిలబడింది. కంపెనీ కావాలని గట్టి రబ్బరుతో ట్రెడ్ చేస్తే, రబ్బరులో కలిపే నల్ల మసి, గంధకం పాళ్లు సరిచూసి, గట్టిదనంతో పాటు సాగే గుణాన్నీ కాపాడుతుంది. అలాంటి ట్రెడ్ నున్నటి రోడ్డు మీద మెల్లగా అరుగుతుంది. లారీ టైర్లలో ఇది అవసరం కూడా. కానీ వయసుతో, వేడితో వచ్చిన గట్టిదనం వేరు. అందులో సాగే గుణం పోతుంది. పచ్చి తాటాకును ఎటు వంచితే అటు వంగుతుంది, అదే ఎండితే విరుగుతుంది. వేలితో నొక్కితే రెండు గట్టిదనాలూ ఒకేలా అనిపిస్తాయి. రోడ్డు మీద మాత్రం వేరువేరుగా ప్రవర్తిస్తాయి.

టైరు రోడ్డును పట్టుకోవడంలో మెత్తదనానికి పెద్ద పాత్ర ఉంది. తారు రోడ్డు మీద కంటికి ఆనని ఎత్తుపల్లాలు ఉంటాయి. మెత్తటి రబ్బరు వాటిలోకి దిగి అతుక్కుంటుంది. గట్టిపడిన రబ్బరు ఆ ఎత్తుల కొనల మీదే తేలుతుంది. పొడి రోడ్డు మీద తేడా అంతగా తెలియదు. వాన పడి, పొలాల నుంచి ట్రాక్టర్లు తెచ్చిన బురద రోడ్డు మీద పలచగా పరుచుకున్నప్పుడు తెలుస్తుంది. మన రోడ్లు ఎలాంటివో చూడండి. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేపల చెరువు, మధ్యలో రెండు బండ్లు ఎదురైతే దిగడానికి అంచు కూడా లేని గట్టు రోడ్డు. బ్రేకు వేశాక బండి నాలుగు అడుగులు అదనంగా జారితే ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు.

ఇక అరుగుదల. వయసు మీరి గట్టిపడిన ట్రెడ్ సమానంగా అరగదు. పై పొర పెళుసుబారి చిన్నచిన్న పెచ్చులుగా లేస్తుంది. గాడుల అంచులు చిరుగుతాయి. రాయి గుచ్చుకున్న చోట చిన్న కోత పెద్దదవుతుంది. రేడియల్ టైరులో అయితే ట్రెడ్ కింద ఉండే స్టీలు తీగల పట్టీల (బెల్టుల) అంచుల దగ్గర రబ్బరు పట్టు సడలి, ఒక రోజు ట్రెడ్ మొత్తం ఊడి వస్తుంది. అప్పటికి గాడులు సగం కూడా అరిగి ఉండవు. ఎక్కువ కిలోమీటర్లు వస్తాయనుకుని కొన్న టైరు అరగకుండానే చస్తుంది. రీబటన్ (అరిగిన టైరుకు కొత్త ట్రెడ్ వేయడం) చేయించుకునే లారీవాళ్లకు ఇంకో నష్టం కూడా ఉంది. ట్రెడ్ మార్చవచ్చు గానీ ఎండిపోయిన సైడ్‌వాల్‌ను ఎవరూ మార్చలేరు. టైరు గుల్ల (ట్రెడ్ కింది ఒళ్లు) మంచిదైతేనే దానికి రెండో జన్మ. మీ గోడౌన్‌లో గడిచిన కాలం ఆ రెండో జన్మలోంచి కూడా కోతపడుతుంది.

దీన్ని కొలవడానికి ఒక పరికరం ఉంది. పేరు డ్యూరోమీటర్, రబ్బరుకు వాడేది షోర్ ఎ రకం. సూదిని ట్రెడ్ మీద నొక్కితే 0 నుంచి 100 లోపు అంకె చూపిస్తుంది. కొత్త కారు టైరు ట్రెడ్ సాధారణంగా 60కి, 70కి మధ్య ఉంటుంది. అంకె 80 వైపు నడిస్తే ఆ ట్రెడ్ బాగా ముదిరినట్టు. జేబులో పట్టే వస్తువే, పెద్ద ఖరీదూ కాదు. ఒక జాగ్రత్త తీసుకోవాలి. వేడిగా ఉన్న రబ్బరు మెత్తగా కనపడుతుంది కాబట్టి ఎండలో ఉన్న టైరును మధ్యాహ్నం కొలిస్తే అంకె తక్కువ చూపిస్తుంది. పొద్దున్నే, నీడలో, ఒకే మోడల్ కొత్త టైరుతో పోల్చి కొలవాలి. ప్రతి షాపులో ఇది ఒకటి ఉండి, కస్టమర్ ముందే కొలిచి చూపిస్తే ఎంత బాగుంటుందో ఆలోచించండి. ఆ పని మొదలుపెట్టిన షాపు ముందు బండ్లు వరుస కడతాయని నా గట్టి నమ్మకం.

టైరు తేదీ గురించి కొనేవాళ్లలో చాలామందికి ఇప్పటికీ తెలియదు. సైడ్‌వాల్ మీద ఇంగ్లీషులో DOT (డీఓటీ) అనే అక్షరాల తర్వాత వచ్చే కోడ్ చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2323 అని ఉంటే 2023లో 23వ వారం, అంటే జూన్ నెల అన్నమాట. 2000 సంవత్సరానికి ముందు మూడే అంకెలు ఉండేవి. ఆ అంకెలు ఒక్కోసారి టైరుకు ఒక పక్కే ఉంటాయి. ఆ పక్కను లోపలికి పెట్టి బిగిస్తే బండి కిందకు దూరితే తప్ప కనపడవు. అలా బిగించమని మాకు చెప్పే షాపులు ఉన్నాయి. నేను ఆ పని చేయను. తేదీ పక్కను బయటికే పెడతాను, దిశ ప్రకారం బిగించాల్సిన టైరు అయితే బిగించక ముందే కస్టమర్‌ను పిలిచి చూపిస్తాను.

ఇక్కడ మీ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. తేదీ ఆర్నెల్లు పాతదని, ఏడాది పాతదని టైరు వెనక్కి ఇచ్చేసే కస్టమర్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఫోన్లో ఏదో చూసి వస్తున్నారు. వాళ్లది తొందరపాటే. చల్లటి, చీకటి గదిలో, వంకర పోకుండా, గాలి నింపకుండా దాచిన టైరు ఏడాదికో రెండేళ్లకో చెప్పుకోదగ్గంత పాడవదు. అదే కాలం ఎండలో గడిపిన టైరును తేదీ కొత్తదైనా నమ్మలేం. కాబట్టి తేదీ ఒక్కటే చూపిస్తే సరిపోదు, దాచిన చోటు కూడా చూపించగలగాలి. గోడౌన్ తలుపు తీసి "రండి, చూసుకోండి" అనగలిగిన వ్యాపారి ఏడాది పాత టైరును కూడా తలెత్తుకుని అమ్ముకోవచ్చు.

ఎంత పాతదైతే వద్దనాలి? దీనికి అన్ని దేశాల్లో ఒకే గీత లేదు. బ్రిటన్ రబ్బరు పరిశ్రమ సంఘం ఆరేళ్లు దాటిన, వాడని టైరును బండికి ఎక్కించవద్దని, పదేళ్లు దాటిన ఏ టైరునైనా తీసేయాలని సలహా ఇస్తూ వచ్చింది. మిషెలిన్ కంపెనీ అయిదేళ్లు దాటాక ఏడాదికోసారి నిపుణుడితో చూపించమంటుంది, పదేళ్లకు గాడులు ఎంత ఉన్నా మార్చమంటుంది. మన కేంద్ర మోటారు వాహనాల నియమావళి గాడి లోతును, పైకి కనపడే కోతలు, ఉబ్బుల లాంటి దెబ్బలను మాత్రం చూస్తుంది. గాడి లోతు కార్లు, లారీలకు కనీసం 1.6 మిల్లీమీటర్లు, రెండు, మూడు చక్రాల బండ్లకు 0.8 ఉండాలి. వయసు మాట అందులో లేదు. గాడి లోతు ఉండి, పైకి దెబ్బలు కనపడకపోతే చాలు, ఎంత పాత టైరునైనా చట్టం ఒప్పుకుంటుంది.

అది ఎంత ప్రమాదమో 2012 సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లో జరిగిన ఒక బస్సు ప్రమాదం చూపించింది. సర్రే ప్రాంతంలో ఏ3 రోడ్డు మీద, సంగీత ఉత్సవం నుంచి తిరిగి వస్తున్న కుర్రాళ్ల బస్సు ముందు టైరు పేలి చెట్టును గుద్దింది. ముగ్గురు చనిపోయారు. ఆ టైరు గాడులు చట్టం అడిగినంత లోతు ఉన్నాయి. దాని వయసు మాత్రం 19 ఏళ్లు దాటింది. కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి ఏళ్ల తరబడి పోరాడింది. చివరికి 2021 ఫిబ్రవరి 1 నుంచి అక్కడ లారీలు, బస్సుల ముందు ఇరుసు మీద పదేళ్లు దాటిన టైర్లు వాడకూడదని చట్టం వచ్చింది. చల్లటి దేశంలోనే అలా జరిగింది. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వేడి ప్రాంతాల్లో టైర్ల వయసు మీద పరిశోధన చేసినప్పుడు ఒక పెద్ద బీమా కంపెనీ లెక్కలు చూసింది. వేడి ఎక్కువగా ఉండే అయిదు రాష్ట్రాల్లో ఆ కంపెనీ పాలసీదారులు 27 శాతం మంది మాత్రమే, టైర్లకు సంబంధించిన క్లెయిములు మాత్రం 77 శాతం అక్కడి నుంచే. వాటిలో 84 శాతం ఆరేళ్లు దాటిన టైర్లవి. మన ఎండ ఆ అయిదు రాష్ట్రాల ఎండకేమీ తీసిపోదు.

మన డెల్టాకు ప్రత్యేకమైన సంగతులు కూడా కొన్ని ఉన్నాయి. అవి కంపెనీ పుస్తకాల్లో దొరకవు, మీరూ మేమూ రోజూ చూసేవే.

దమ్ము కాలం వస్తే ట్రాక్టర్‌కు వెనక రబ్బరు టైర్లు తీసి ఇనప చక్రాలు ఎక్కిస్తారు. ఆ 13.6-28 టైర్లను, 14.9-28 టైర్లను పెరట్లో గోడకు జారవేస్తారు. పశువుల పాక పక్కన, డీజిల్ డ్రమ్ముల పక్కన, సగం ఎండలో సగం వానలో. సార్వాకు ఒకసారి, దాళ్వాకు ఒకసారి. అన్ని నాళ్లూ ఒకే చోట ఆని ఉండటంతో ఒక పక్క నలిగిపోతుంది, ఎండ తగిలే పక్క నెర్రెలిస్తుంది. డీజిల్, గ్రీజు తగిలితే సహజ రబ్బరు ఉబ్బి పటుత్వం కోల్పోతుంది. రైతు వచ్చి "కంపెనీ టైరు బాలేదండీ" అంటాడు. టైరు అమ్మేటప్పుడే మీరు ఆయనకు రెండు ముక్కలు చెప్పాలి. రిమ్ముతో సహా తీసిన టైరును పలక మీద అడ్డంగా పడుకోబెట్టమనండి, పైన ఎండ తగలకుండా గోనెపట్టానో టార్పాలినో కప్పమనండి, నూనె డ్రమ్ములకు దూరంగా పెట్టమనండి. అంతే పని. వరి కోత మిషన్ల సంగతీ ఇలాంటిదే. కోతలు అయిపోయాక అవి నెలల తరబడి కదలకుండా నిలబడి ఉంటాయి. తిరిగే టైరులో రబ్బరు నలుగుతూ ఉండటం వల్ల లోపలి మైనం పైకి వచ్చి కాపాడుతుంది, నిలబడిన టైరుకు ఆ కాపు తగ్గిపోతుంది. అందుకే మిషన్‌ను దుంగల మీద ఎత్తి నిలపాలి, బరువు టైరు మీద పడకూడదు. చైన్ మిషన్ల రబ్బరు పట్టాలకూ ఇదే జాగ్రత్త.

చెరువుల మీద బతికే లారీలు, వ్యాన్ల స్టెప్నీలు ఇంకో రకం. బండి కింద వేలాడుతూ ఉప్పునీళ్లు, బురద తాగుతూ ఏళ్లు గడుపుతాయి. గాడులు కొత్తవిగానే ఉంటాయి. పంక్చర్ అయిన రోజున అదే ఆదుకుంటుందని డ్రైవర్ నమ్మకం. గాలి నింపి ఉంచిన టైరులో ఆక్సిజన్ లోపల్నుంచి కూడా ఒత్తిడితో రబ్బరులోకి చొరబడుతుంది కాబట్టి, తిరగకపోయినా స్టెప్నీ ముసలిదవుతుంది. స్టెప్నీ తేదీ చూసి చెప్పడం మా పంక్చర్ షాపుల బాధ్యత. ఆ మాట మా వాళ్లకు కూడా చెబుతున్నాను.

వరదల గురించి ఒక్క మాట. 2022 జూలై వరదలో లంకల్లో, కాలువల పక్కన ఎంతమంది సరుకు నీట మునిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. నీట నానిన టైరును బయటకు తీసి ఎండలో ఆరబెట్టి కొత్తదిగా అమ్మకండి. లోపల నీళ్లు నిలిచి, ఎక్కడైనా కోత ఉంటే పోగుల్లోకి, స్టీలు తీగల్లోకి చెమ్మ దిగుతుంది, లోలోపల తుప్పు పడుతుంది. వరద లేకపోయినా షాపు ముందు దొంతర పెట్టిన టైర్లలో వాన నీళ్లు నిలిస్తే డెంగీ దోమలు పుడతాయి. టైర్లను లోపల పెట్టమనడానికి ఇది కూడా ఒక కారణం. మీ పిల్లలూ ఆ వీధిలోనే ఆడుకుంటారు.

దాచే పద్ధతి మీకు కొత్త కాదు, కంపెనీవాళ్లు చెప్పే ఉంటారు. అయినా మన పరిస్థితికి తగ్గట్టు చెబుతాను. రేకుల షెడ్డే ఉంటే రేకు కింద తాటాకు గానీ, థర్మోకోల్ గానీ వేసి వేడి దిగకుండా చూడండి. వేడిగాలి పోవడానికి పైన కిటికీ ఉంచండి. కిటికీ అద్దాల్లోంచి ఎండ నేరుగా టైరు మీద పడకూడదు. రిమ్ము లేని టైర్లను స్టాండు మీద నిలబెట్టడం మేలు, నెలకోసారి కొంచెం తిప్పి ఆనే చోటు మార్చాలి. చోటు లేక దొంతర పెట్టాల్సి వస్తే ఎత్తు తక్కువగా ఉంచి, కొన్ని వారాలకోసారి కింది వాటిని పైకి మార్చాలి. లేకపోతే అడుగు టైరు బీడు నొక్కుకుపోయి, ట్యూబ్‌లెస్ అయితే రిమ్ము మీద గాలి పట్టక మా ప్రాణం తీస్తుంది. రిమ్ము లేని టైరును కొక్కేనికి వేలాడదీయకండి, బోర్డు కోసం వేలాడదీసిన టైరును మళ్లీ అమ్మకండి. ట్యూబులను టాల్కమ్ పొడి చల్లి కవర్లోనే ఉంచండి. ముందు వచ్చిన సరుకు ముందు పోవాలి. కొత్త లోడు వచ్చినప్పుడు పాతదాన్ని వెనక్కి నెట్టేయడం వల్లే కొన్ని సైజులు మూలన ఏళ్ల తరబడి ఉండిపోతున్నాయి. ఎక్కువ తిరగని సైజులు తెప్పించుకునేటప్పుడు తక్కువ తెప్పించుకోండి. డీలరు టార్గెట్ కోసమని కంపెనీ అంటగట్టే సరుకు విషయంలో మీ సంఘాలు గట్టిగా మాట్లాడాలి, మేం మీ వెనక ఉంటాం.

పాత సరుకు మిగిలితే ఏం చేయాలి అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మూడు నాలుగేళ్లు మంచి చోట ఉన్న టైరు అయితే తేదీ చెప్పి, ధర తగ్గించి, పొలం దాటని ట్రాక్టర్ ట్రక్కుకో, నెమ్మదిగా నడిచే బండికో అమ్మండి. ముందు చక్రాలకు, ఆటోలకు, స్కూలు బస్సులకు, రాజమండ్రి, విజయవాడ తిరిగే బండ్లకు అమ్మకండి. పగుళ్లు వచ్చినదాన్ని ఎవరికీ అమ్మకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు నాణ్యత గురించి తెలుసుకునే హక్కు కొనేవాడికి ఇచ్చింది. టైరు వయసు నాణ్యతలో భాగమే. దాచిపెట్టి అమ్మి, ఆ తర్వాత ఏదైనా జరిగితే ఆ భారం ఎవరి మీద పడుతుందో మీ లాయర్లను అడగండి.

నా విన్నపం ఇది. ఈ దాళ్వా కోతలు మొదలయ్యేలోపు మీ ఊరి వ్యాపారులంతా ఒకసారి కూర్చోండి. బిల్లు మీద టైరు సైజు, సీరియల్ నంబరుతో పాటు ఆ నాలుగు అంకెల తేదీ రాయడం మొదలుపెట్టండి. షాపులో కస్టమర్‌కు కనపడే చోట తేదీ ఎలా చదవాలో తెలుగులో బోర్డు పెట్టండి. ఎండలో ఉన్న దొంతరలను లోపలికి మార్చండి. బోర్డుకు కావలసిన మాటలు రాసి ఇస్తాను. డ్యూరోమీటర్ వాడకం నేర్పడానికి ఏ ఊరికి రమ్మన్నా నా ఖర్చులతో వస్తాను. మీ సమావేశం ఎప్పుడు, ఎక్కడ పెట్టుకుంటారో కబురు పెట్టండి.

ఇట్లు,
డెల్టాలో ఒక వీల్ అలైన్‌మెంట్, పంక్చర్ షాపు యజమాని